బెంగళూరులో ఆదివారాలు లంటానా తీసే పనికి వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఊరు నంద్యాల వైపు, ఉద్యోగం, ఇల్లు బెళ్ళందూరులో. కనకపుర రోడ్డు వైపు ఒక రిజర్వు ఫారెస్టులో లంటానా అనే కలుపు పొదను తీయడానికి వాలంటీర్లు కావాలని ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. మొక్కల గురించి ఏమీ తెలియని మనిషి వెళ్తే ఉపయోగం ఉందా, లేక ఇది ఫొటోల కార్యక్రమమా? వెళ్తే ఏం తీసుకెళ్ళాలి, ఎనిమిదేళ్ళ పాపను తీసుకెళ్ళొచ్చా?

వెళ్ళండి. ఉపయోగం ఉంది. ఒక్క షరతు: అదే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళే గుంపుతోనే వెళ్ళండి. ఒక పూట వచ్చి, అరెకరం నరికి, బ్యానరు పట్టుకుని ఫొటో దిగి వెళ్ళిపోయే కార్యక్రమమైతే దాని వల్ల అడవికి కీడే ఎక్కువ. నిర్వాహకులకు ఫోన్ చేసి ఒక మాట అడగండి: "పోయిన ఏడాది మీరు తీసిన చోటు ఇప్పుడెలా ఉందో చూపిస్తారా?" చూపిస్తాం రండి అంటే నిశ్చింతగా వెళ్ళొచ్చు. నీళ్ళు నమిలితే ఆ ఆదివారం ఇంట్లోనే ఉండండి.

నాది మదనపల్లె. బెంగళూరులో కాలేజీలో బాటనీ చెప్పాను. చాలా ఏళ్ళుగా నగరానికి దక్షిణాన ఒక చిట్టడవిలో ఈ పని చేస్తూ, కొత్తగా వచ్చేవాళ్ళకు నేర్పిస్తూ ఉన్నాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

లంటానాను మీరు చూసే ఉంటారు. మన వైపు పులికంప అంటారు, తలంబ్రాల చెట్టు అనేవాళ్ళూ ఉన్నారు. పసుపు, గులాబి రంగులు కలిసిన చిన్న పూల గుత్తులు, నలిపితే ఘాటు వాసన వచ్చే గరుకు ఆకు, నాలుగు పలకల కాడ, దాని మీద వెనక్కి వంగిన చిన్న ముళ్ళు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అందం కోసం తెచ్చారు. ఇప్పుడు మన దేశంలో లంటానా పాకిన అడవి సుమారు 1,54,000 చదరపు కిలోమీటర్లని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. పులులు తిరిగే అడవుల్లో నలభై శాతానికి పైగా దీని బారిన పడింది.

అది చేసే నష్టం అడవిలో పది నిమిషాలు నడిస్తే కనిపిస్తుంది. పొద కింద వంగి చూడండి, గడ్డి ఉండదు. నీడకు, వేళ్ళ నుంచి, రాలిన ఆకుల నుంచి దిగే రసాయనాలకు కింద వేరే మొక్క లేవదు. జింకలు, పశువులు దాన్ని మేయవు. గత్యంతరం లేక మేసిన పశువులకు కాలేయం దెబ్బతింటుంది, ఎండ తగిలిన చోట చర్మం పుండ్లు పడుతుంది. ఎండాకాలంలో మరో ప్రమాదం. మామూలుగా నేల మీద గడ్డిలో పాకి ఆరిపోయే మంట, ఎండిన లంటానాను పట్టుకుని చెట్టు కొమ్మల దాకా ఎక్కుతుంది. 2019 ఫిబ్రవరిలో బండీపూర్ అడవి తగలబడినప్పుడు ఈ మాట అందరి నోటా వినిపించింది.

ఇక ఒక్కపూట కార్యక్రమం ఎందుకు కీడు చేస్తుందంటే, లంటానా మూడు దారుల్లో తిరిగొస్తుంది. నరికిన మొదలు నుంచి పిలకలు వేస్తుంది. నేలకు తగిలిన కొమ్మ అక్కడే వేరు దిగుతుంది. పిగిలిపిట్టలు పళ్ళు తిని, చెట్టు కొమ్మ మీద వాలి, కింద గింజలు వేస్తాయి. పైగా నేలలో ఎప్పటి నుంచో పడి ఉన్న గింజలు వెలుతురు కోసం కాచుకుని ఉంటాయి. పొద తీసేసి ఎండ పడనిచ్చామంటే వాటికి తలుపు తెరిచినట్టే. ఒక కంపెనీ వాళ్ళు పెద్ద బృందంగా వచ్చి, మేం పని చేసే చోటికి పక్కనే కొడవళ్ళతో నడుం ఎత్తున కోసి వెళ్ళారు. సాయంత్రానికి మైదానంలా కనిపించింది, అందరూ సంతోషపడ్డారు. రెండు వానలు పడేసరికి ప్రతి మోడు నుంచి ఐదారు కొమ్మలు. మధ్యలో ఖాళీ నేలంతా వయ్యారిభామ అనే కలుపు మొక్క. అంతకుముందు పొదల సందుల్లో మనిషి దూరగలిగేవాడు, ఆ తర్వాత అదీ కుదరలేదు. పైన నరకడం క్షవరం చేయడంతో సమానం, ఇంకా ఒత్తుగా వస్తుంది.

మరి ఎలా తీయాలి? ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి ఒకటుంది. కాండం, వేరు కలిసే చోట ఒక గడ్డలాంటి బుడిపె ఉంటుంది. పిలకలన్నీ అక్కడి నుంచే వస్తాయి. దాని కింద తల్లివేరును నరికి, పొదను బయటికి లాగి, తలకిందులుగా పెట్టాలి. మందులు అక్కర్లేదు, జేసీబీ అక్కర్లేదు. మేం చేసేదీ అదే. కాస్త వివరంగా చెప్తాను, మీకు పనికొస్తుంది.

ముందు పొద చుట్టూ ఒక కర్రతో తట్టండి. పాములకు, ఉడతలకు, కుందేళ్ళకు వెళ్ళిపోయే వ్యవధి ఇవ్వాలి. లోపల పిట్టగూడు ఉందేమో చూడండి. గుడ్లో పిల్లలో ఉంటే ఆ పొద జోలికి వెళ్ళొద్దు, గుర్తుగా గుడ్డపేలిక కట్టి పక్కదానికి వెళ్ళండి. తర్వాత పెద్ద కత్తెరతో కొమ్మలు తీసేసి, మోకాలి ఎత్తున మోడు ఉంచండి. ఆ మోడే పట్టుకుని లాగడానికి పిడి. మొదట్లోనే మొత్తం కోసేస్తే లాగడానికి చేతికి ఏమీ దొరకదు, కొత్తవాళ్ళందరూ అక్కడే ఆగిపోతారు. మొదలు దగ్గర ఎండుటాకులు చేత్తో కాదు, కర్రతో తప్పించండి. తేళ్ళు, జెర్రులు అక్కడే ఉంటాయి. గునపంతో చుట్టూ మట్టి వదులు చేస్తే బెత్తెడు లోతులోపే ఆ బుడిపె కనిపిస్తుంది. ముదురు గోధుమ రంగులో, ముడతలు పడి, కాడ కన్నా లావుగా ఉంటుంది. దాని కింద వేరు సన్నబడే చోట ఒక వేటు. ఒకరు మోడు పట్టుకుని ఊపుతుంటే ఇంకొకరు నరికితే తేలిగ్గా వస్తుంది. వేళ్ళకు అంటిన మట్టి దులిపేసి, వేళ్ళు ఆకాశం వైపు ఉండేలా బండ మీదో, కోసిన కొమ్మల కుప్ప మీదో పెట్టండి. నేల మీద పడుకోబెట్టి వెళ్తే వానకు మళ్ళీ అంటుకుంటుంది. బుడిపె ముక్క మట్టిలో మిగిలినా అంతే.

ఇలా చేస్తే ఇద్దరు మనుషులు పొద్దున్నంతా కష్టపడి తీసేది చూడ్డానికి చాలా తక్కువ. కొత్తవాళ్ళు నిరుత్సాహపడేది ఇక్కడే. పడకండి. ఒక గది అంత చోటు సరిగ్గా తీయడం, ఎకరం పైపైన కోయడం కన్నా ఎన్నో రెట్లు మేలు.

పండ్లున్న కొమ్మలను వేరుగా గోనెసంచిలో వేసుకోండి. రాలిన గింజలు మళ్ళీ మొలుస్తాయి. కుప్పలను అడవిలో తగలబెట్టకూడదు, ఎవరు చెప్పినా సరే. మేం కోసినదాన్ని దారి పక్కన పేర్చి పెడితే, పక్క ఊరి ఆడవాళ్ళు పొయ్యిలోకి తీసుకెళ్తారు. వాళ్ళతో ముందుగా మాట్లాడుకోవడం, అటవీశాఖ అనుమతి ఉండడం రెండూ ముఖ్యం. ఈ కట్టె మీద బతుకుతున్నవాళ్ళూ ఉన్నారు. చామరాజనగర్ జిల్లా మలె మహదేశ్వర కొండల్లో వెదురు దొరకడం కష్టమయ్యాక సోలిగ ఆదివాసీలు లంటానాతో కుర్చీలు, బుట్టలు అల్లడం నేర్చుకున్నారు. నీలగిరుల్లో గూడలూరు వైపు ఆదివాసీ కళాకారులు నిలువెత్తు ఏనుగుల్ని దీనితోనే చేశారు. ఆ ఏనుగుల్ని బెంగళూరులోనూ ప్రదర్శనకు పెట్టారు.

అసలు పని రెండో ఏడాది మొదలవుతుంది. నిజం చెప్పాలంటే పెద్ద పొదలు తీయడానికి కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకోవచ్చు, అటవీశాఖ అదే చేస్తుంది. వాళ్ళకు దొరకనిది ఆ తర్వాత మూడేళ్ళపాటు ప్రతి వానాకాలం వచ్చి, నేల మీద కూర్చుని, వేలెడు మొలకల్ని ఒక్కొక్కటీ ఏరే ఓపిక. దానికి బడ్జెట్ ఉండదు, టెండరు ఉండదు. వాలంటీరు విలువ అక్కడే ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నేల మెత్తగా ఉంటుంది, మొలక రెండు వేళ్ళతో పట్టుకుంటే వేరుతో సహా వస్తుంది. అదే మొలకను వదిలేస్తే మరుసటి ఏడాదికి గునపం కావాలి.

మొలకలు ఎక్కడ వెతకాలో కూడా చెప్తాను. చోటంతా సమానంగా ఉండవు. మేం చూసే చోట ఒక పెద్ద రావిచెట్టు ఉంది. పళ్ళ కాలంలో పిట్టలన్నీ దాని మీదే. దాని నీడ పడినంత మేరా లంటానా మొలకలు దట్టంగా వస్తాయి, పది అడుగులు అవతలికి వెళ్తే అక్కడొకటి ఇక్కడొకటి. చేతిలో తక్కువ మనుషులున్న రోజు నేరుగా రావి, మర్రి, మేడి చెట్ల కిందికే పంపిస్తాను.

మీలాంటి కొత్తవాళ్ళ గురించి నాకుండే ఒకే ఒక్క టెన్షన్, తీయకూడనివి తీసేయడం. బెంగళూరు చుట్టూ ఉన్నది ఎక్కువగా ముళ్ళకంప, ఆకురాల్చే చెట్లు కలిసిన అడవి. ఇక్కడి సొంత మొక్కలు కూడా గుబురుగా, ముళ్ళతో, చూడ్డానికి అనాకారిగా ఉంటాయి. బలుసు, పరికి, వాక్కాయ, మంగ, తంగేడు, ఇవన్నీ ఉండాల్సినవి. ఒకసారి ఒక కుర్రాడు మహా ఉత్సాహంగా బలుసు పొదలు వరసగా కొట్టేశాడు, ముళ్ళున్నాయి కదా సార్ అని. ఆ పొద అంత అవడానికి ఎన్నేళ్ళు పట్టి ఉంటుందో. అప్పటి నుంచి మొదటి రోజు వచ్చినవాళ్ళ చేతికి కత్తి ఇవ్వను. మొదటి గంటంతా ఆకులు ముట్టుకుని, వాసన చూసి గుర్తుపట్టడమే. అనుమానం వస్తే వదిలేయండి. ఒక లంటానా మిగిలిపోతే వచ్చే వారం తీయొచ్చు.

శ్రీగంధం విషయం ప్రత్యేకంగా చెప్పాలి. శ్రీగంధం గింజల్నీ పిట్టలే మోసుకొస్తాయి, మొలక చిన్నప్పుడు ముళ్ళపొదల చాటున బతుకుతుంది. లంటానా పొద తెరిస్తే మధ్యలో సన్నటి కాండం, ఎదురెదురుగా నున్నటి ఆకులతో శ్రీగంధం మొలక కనిపించడం మాకు మామూలే. ఇతర మొక్కల వేళ్ళ నుంచి నీరు, లవణాలు లాక్కుని బతికే చెట్టు అది. కాబట్టి చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీసేయం, పక్కన ఉన్న స్థానిక పొదల్ని కచ్చితంగా ఉంచుతాం. పొరపాటున కొట్టేస్తే చట్టం దృష్టిలోనూ చిన్న విషయం కాదు.

"అంతా తీసేస్తే సీతాకోకచిలుకలు ఏమైపోతాయి, జంతువులు ఎక్కడ దాక్కుంటాయి?" అని చాలామంది అడుగుతారు, మీకూ వినిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. సీతాకోకచిలుకలు లంటానా తేనెకు వస్తాయి, కుందేళ్ళు, పిట్టలు చాటుకు వాడుకుంటాయి. నగరం అంచున మిగిలిన చిన్న అడవిలో వేరే చాటు కూడా లేకపోవచ్చు. అందుకే ముక్కలు ముక్కలుగా తీయాలి. ఒక ముక్కలో గడ్డి, స్థానిక పొదలు లేచాక పక్క ముక్కకు వెళ్ళాలి. ఇది కూడా నిదానంగా చేయడానికి కారణమే.

తీసిన చోట వెంటనే మొక్కలు నాటేద్దాం అంటారు. దయచేసి ఆపండి. చాలా చోట్ల నాటాల్సిన అవసరమే ఉండదు. మొదటి వానకే నేలలో ఉన్న గడ్డి, తంగేడు, పరికి తమంతట తామే లేస్తాయి. మనం కలుపు మొలకలు ఏరుతూ వాటికి చోటు ఇస్తే చాలు. హెసరఘట్ట లాంటి గడ్డిమైదానాల్లోనైతే చెట్లు నాటడమే నష్టం, అక్కడి పక్షులకు కావాల్సింది తెరిచి ఉన్న గడ్డి.

లంటానా కాకుండా మీకు ఎదురయ్యేవి మరికొన్ని. వయ్యారిభామ, మన దగ్గర కాంగ్రెస్ గడ్డి అంటాం. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. పూతకు వచ్చిందంటే ఒక్కో మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది. గ్లోవ్స్, మాస్కు, పొడుగు చేతుల చొక్కా లేకుండా ముట్టుకోవద్దు. చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆస్తమా తెస్తుంది. మీకు ఎలర్జీ ఉంటే ఈ పని మాత్రం చేయకండి. దాని ఆకుల మీద లేత పసుపు ఒంటిపై ముదురు చారలున్న చిన్న పెంకుపురుగు కనిపిస్తే చంపొద్దు. 1980లలో ఈ గడ్డిని తినడానికే మెక్సికో నుంచి తెప్పించి మొదట బెంగళూరులోనే వదిలిన పురుగు అది. వానాకాలంలో ఆకుల్ని జల్లెడ చేసేస్తుంది.

సర్కారు తుమ్మ మీకు ఎలాగూ తెలుసు, సీమవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు 1870ల చివర్లో కట్టెల కోసం గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారు. అది ముదిరాక వాలంటీర్ల పని కాదు, ముల్లు చెప్పు అడుగును కూడా దాటి దిగుతుంది. మొలకలైతే సరే. మీ బెళ్ళందూరు చెరువు మీది గుర్రపుడెక్క కూడా అంతే. మురుగు చేరినంత కాలం తిరిగొస్తూనే ఉంటుంది, ఆ నీళ్ళలోకి దిగడం ఆరోగ్యానికి మంచిది కాదు. యంత్రాలకు వదిలేయండి.

అనుమతి లేకుండా ఒక్క కొమ్మ కూడా కోయకండి. రిజర్వు ఫారెస్టులో స్థానిక ఆర్‌ఎఫ్‌ఓ (రేంజ్ ఫారెస్ట్ ఆఫీసర్) అనుమతి నిర్వాహకుల దగ్గర రాతపూర్వకంగా ఉండాలి, అటవీశాఖ వాచర్ వెంట ఉండాలి. బన్నేరుఘట్ట లాంటి నేషనల్ పార్కు అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. కలుపు మొక్కే కదా అని సొంతంగా వెళ్ళి తీయడానికి లేదు, పైగా అక్కడ ఏనుగులు తిరుగుతాయి. వాచర్ చెప్పే మాట వినండి. ఏ పొదలో ఏది ఉంటుందో, ఏ దారిన రాత్రి ఏనుగు వెళ్ళిందో అతనికి తెలిసినంత నాకు కూడా తెలియదు. కన్నడం రాకపోయినా ఫర్వాలేదు, ఈ చుట్టుపక్కల చాలామందికి తెలుగు వస్తుంది.

తీసుకెళ్ళాల్సినవి: తోలు గ్లోవ్స్ (గుడ్డవి లంటానా ముళ్ళకు ఆగవు), చీలమండలు దాటే బూట్లు, జీన్స్ లాంటి మందపాటి ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్టు. కళ్ళకు మామూలు ప్లాస్టిక్ అద్దాలైనా పెట్టుకోండి, వంగిన కొమ్మ వదిలితే నేరుగా ముఖానికే వస్తుంది. పనిముట్లు వాళ్ళే ఇస్తారు. కొత్త కత్తి కొనుక్కుని వెళ్ళకండి. వెళ్ళేముందు టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. రక్తపింజరి, నాగుపాము ఈ పొదల్లో ఉండేవే. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో, అక్కడికి వెళ్ళే బండి ఏదో నిర్వాహకులు పని మొదలుపెట్టేముందే చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి. ఇంటికొచ్చాక పిడుదులు పట్టాయేమో ఒళ్ళంతా చూసుకోండి.

పాప సంగతి. తీసుకెళ్ళొచ్చు, కానీ మొదటిసారి మీరొక్కరే వెళ్ళి చోటు చూసి రండి. కత్తులు, గునపాలు ఆడే చోటికి పిల్లలు రాకూడదు. ఇదివరకే శుభ్రం చేసిన చోట మొలకలు ఏరడం వాళ్ళకు బాగుంటుంది, పిల్లల కళ్ళకు మనకన్నా తొందరగా కనిపిస్తాయి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు ఆకు వాసనతోనే చెప్పేస్తారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పి తీసుకెళ్ళండి: లంటానా కాయలు నోట్లో పెట్టుకోకూడదు, ముఖ్యంగా పచ్చివి విషం. నల్లగా నిగనిగలాడుతుంటే పిల్లలకు నేరేడు పళ్ళలా కనిపిస్తాయి. చేతులు సబ్బుతో కడిగించాకే టిఫిన్ బాక్సు తెరవనివ్వండి.